కిందికి తిరిగిన వేళ్ళు

"రెండు గోతాలు," అంది సిద్దికా. "మూతులు నేనే కుట్టాను. నా చేత్తో ఇచ్చి పంపాను."

అన్నం కలుపుతున్న పీరు తలెత్తలేదు.

"నేనేం పట్టుకెళ్ళలేదు వదినా."

"పోయినేడు. మీ అమ్మ కంటి ఆపరేషనుకి గుంటూరులో ఉన్న వారం. క్వారీ మెస్సులో కారం ఇటికపొడిలా ఉంటుందన్నావు. బస్సు మీద వెయ్యనన్నాడని కండక్టరుతో తగువేసుకున్నావు కూడా."

"అది అంతకు ముందేడు."

"అంతకు ముందేడు నువ్వు చీమకుర్తి మొహం చూడలేదు."

పీరు రెండు ముద్దలు తిన్నాడు. మంచినీళ్ళు తాగాడు.

"పులుసు బాగుంది," అన్నాడు.

సిద్దికాకి ఒళ్ళు మండిపోయింది. మొగుణ్ణి జీపెక్కించి తీసుకెళ్ళి ఇది రెండో రోజు. మీరా హుస్సేన్ చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు, మిరపతోటలో మోటారు వేసి వస్తున్నవాణ్ణి వచ్చినట్టే ఎక్కించుకున్నారు. ఈ ఇంట్లో పొయ్యి వెలిగించడమే ఎక్కువ. ఈయనకి పులుసు బాగుందట.

"నాలుగు రోజుల కింద వచ్చావు. క్వారీ మూసేశారన్నావు. పొద్దున రిహానాకి ఫోన్ చేశాను. వాళ్ళాయన మీ క్వారీకే డ్యూటీకి వెళ్ళాడంట."

పీరు చెయ్యి కంచంలోనే ఆగింది.

"నా మీద ఎంక్వైరీ చేస్తున్నావా?"

"ఎవరో ఒకరు చెయ్యాలిగా. వాళ్ళు మీ అన్న మీద చేస్తున్నారు."

పీరు కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఆ క్వారీలో అతను రాయికి బెజ్జాలు వేసే మిషను మీద పని చేస్తాడు. బెజ్జాల్లో పేలుడు మందు కూరేవాళ్ళు వేరే ఉంటారని ఇంట్లో అందరికీ చెప్పాడు. మొన్నటిదాకా ఆ మాట నమ్మడానికి సిద్దికాకి ఏ ఇబ్బందీ లేకపోయింది.

అసలు గోతం మీద ఆ చెయ్యి లేకపోతే ఇంతదాకా వచ్చేది కాదు.

యార్డుకి వెళ్ళే కాయలకి కమీషన్‌దారు కొత్త గోతాలిస్తాడు. వాటి మీద వాళ్ళ అక్షరాలుంటాయి. ఇంటి గోతాలు వేరు. ఏటా కోతలు చివరికొచ్చేసరికి సిద్దికా అత్త మాబూబీ నీలం రంగు పళ్ళెంలో పోయించుకుని, కుడి అరచెయ్యి ముంచి, ఒక్కో గోతం మీద గట్టిగా అద్దుతుంది. పీర్ల చావిట్లో చేతి ఆకారపు పంజా చూసి వాళ్ళత్త మొదలుపెట్టిన అలవాటట. ఇంట్లో ఉండే గోతానికి వేళ్ళు పైకి, మూతి వైపు. ఒకరికి ఇచ్చి పంపే గోతానికి వేళ్ళు కిందికి.

"ఇచ్చే చెయ్యి కిందికే గదా తిరిగుద్ది," అంటుంది మాబూబీ.

కోతలకి వచ్చిన కూలీలు ఊరెళ్ళేటప్పుడు తలా ఒక గోతంలో తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడిన కాయలు, పోసి పంపుతుంది. ఆ గోతాలన్నిటికీ వేళ్ళు కిందికే.

అలాంటి చెయ్యి గోతం ఒకటి ఛత్తీస్‌గఢ్ అడవిలో, భూమిలో పాతిన డంపులో దొరికింది. దాన్నిండా జిలెటిన్ కడ్డీలు. గోతం అడుగున పాత పత్తి వ్యాపారి ముద్ర, ఊరి పేరుతో సహా ఉంది. ఆ ముద్ర గోతాలు ఈ ఇంటికి పోయినేడే వచ్చాయి. ఇక ఆ చెయ్యి ఎవరిదంటే సత్తెనపల్లి సంతలో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు.

మొన్న ఎస్సై ఫోనులో ఆ బొమ్మ చూపించాడు. రెప్పపాటు. ఆయన ఫోను అటు వంచితే బొమ్మ ఇటు తిరిగింది. వేళ్ళు పైకో కిందికో సిద్దికాకి తెలియలేదు.

పైకుంటే అది ఇంట్లోంచి వెళ్ళిన గోతం. ఇంటి గోతాలు గడప దాటడం ఆమెకి తెలిసి ఒక్కసారే. ఆ రెండూ అత్త ఊళ్ళో లేనప్పుడు పీరు పట్టుకెళ్ళినవే.

కళ్ళంలోంచి మాబూబీ వచ్చింది. కొంగుకి కారం ఘాటు. వెనకే రెండు తుమ్ములు.

"ఏంటే, తినే కంచం ముందర కోర్టు పెట్టావు?"

"ఏం లేదత్తా. ఎలీసమ్మ వచ్చిందా కాయలేరడానికి?"

"రాలేదు. కబురు పంపితే ఒంట్లో బాలేదంది. రేపు కూడా బాగోదంట." మాబూబీ అరుగు మీద కూలబడింది. "ముప్ఫయ్యేళ్ళ నించి ఈ కళ్ళంలో కూర్చున్న మనిషి. రేపటి జొరం ఇవాళే తెలిసిందంట దానికి."

"ఆ బుధ్రి వాళ్ళున్నారుగా?"

"ఉన్నారు. వాళ్ళెక్కడికి పోతారు?"

పెరట్లో పశువుల పాక కింద ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన పదకొండు మంది దిగి ఉన్నారు. ఆడా మగా, అందరికీ పెద్ద బుధ్రి. నాలుగేళ్ళుగా ఏటా వస్తున్నారు. ఎండు కాయ మీద వాళ్ళ వేళ్ళు వాన పడినట్టు ఆడతాయి. ఏం మాట్లాడుకుంటారో ఎవరికీ తెలియదు.

"వాళ్ళది ఏ ఊరో ఎప్పుడన్నా అడిగావా అత్తా?"

"చెప్పింది. నోరు తిరగలా."

"అడివి ఊరు."

"అయితే? మాచర్ల దాటితే మనకి లేదా అడివి?" మాబూబీ గొంతు లేచింది. "ఇదే అరుగు మీదికి అన్నలొచ్చారు. ఆరుగురు. అన్నం పెట్టమన్నారు. తుపాకీ పట్టుకున్నోడు ఆకలంటే లేదంటావా? పెట్టాను. తెల్లారి పోలీసులొచ్చారు. ఎన్ని కంచాలు కడిగావన్నారు. మీ మావ అయూబ్ నడుం అప్పుడు విరిగిందే, ఎద్దు తన్నిందని ఊరంతా చెప్పుకున్నాం. ఆ తరవాత అన్నలూ పోయారు, ఆ పోలీసులూ పోయారు. మీ మావ మాత్రం పోయిందాకా వంగే నడిచాడు."

సిద్దికా డిగ్రీ పాలిటిక్సు పుస్తకంలో తిరుగుబాట్ల పటం ఒకటి ఉండేది. కాశ్మీరుకి చుక్కలు, ఈశాన్య రాష్ట్రాలకి అడ్డగీతలు, మధ్యలో అడవికి నిలువు గీతలు. ఆ నిలువు గీతలు అప్పట్లో పల్నాడు దాకా దిగి ఉండేవి. పరీక్షలో ఆ పటం వేసి, రంగులు ఒకదాంట్లో ఒకటి కలవకుండా నింపి, మంచి మార్కులు తెచ్చుకుంది. చెల్లెలి పుస్తకం వచ్చేసరికి పల్నాడు మీద గీతలు లేవు. బుధ్రి వాళ్ళ ఊరి మీద ఇంకా ఉండే ఉంటాయి.

"అత్తా, ఎస్సై మళ్ళీ వస్తాడు. వేళ్ళ సంగతి మాత్రం ఎత్తకు."

"ఎందుకెత్తకూడదు?"

"ముందు నన్ను చూడనీ."

మాబూబీ ఆమె వైపు తిరిగింది. ఆపరేషనయిన కన్ను కూడా సరిగా ఆనదు ఆమెకి. అయినా ఆ చూపుకి సిద్దికా తల దించుకుంది.

* * *

ఎస్సై ఇమ్మానుయేలు మూడు గంటలకి వచ్చాడు. గేటు దగ్గర బూట్లు విప్పాడు. అది చూసి సిద్దికాకి కేకలేసినదానికన్నా ఎక్కువ భయం వేసింది.

"కొంచెం మజ్జిగుంటే ఇవ్వండమ్మా. రోడ్డంతా మిరపకాయ లారీలే. కళ్ళు మండుతున్నాయి."

మజ్జిగ ఇచ్చింది. ఆయన తీరిగ్గా తాగాడు. వెంట వచ్చిన కానిస్టేబులు గోడ మీద దర్గా బొమ్మ ఉన్న క్యాలెండరు చూస్తున్నాడు. నెలలు తిప్పి మరీ చూస్తున్నాడు.

"మా ఆయన తిన్నాడా అండీ?" అంది సిద్దికా.

"తిన్నాడమ్మా. మర్యాదగానే చూసుకుంటున్నాం. నాకు ఆయన మీద ఏం లేదు. పైవాళ్ళకే నిద్ర పట్టడం లేదు." గ్లాసు కింద పెట్టాడు. "మన దేశంలో ఒక్కో మూలకి ఒక్కో జబ్బు. కొండల్లో ఒకటి, సరిహద్దులో ఒకటి, అడవిలో ఒకటి. దేని డాక్టర్లు దానికున్నారు. రెండు జబ్బులు ఒకే ఇంట్లో కనబడ్డాయనుకోండి, డాక్టర్లు కొట్టుకుంటారు."

"అడవిది ఒకటి సరే. మా ఇంట్లో రెండోది ఏంటండీ?"

ఆయన చూపు దర్గా బొమ్మ మీదికి వెళ్ళింది. కానిస్టేబులు క్యాలెండరు వదిలేశాడు.

దూరంగా, పాక గుంజ దగ్గర పీరు నిలబడ్డాడు. పిలిచినా వచ్చేలా లేడు, పొమ్మన్నా పోయేలా లేడు.

ఎస్సై ఫైల్లోంచి కాగితం తీశాడు. ఫోటో ఈసారి కాగితం నిండా అచ్చు వేయించి తెచ్చాడు. నీలం చెయ్యి చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.

"ఈ సున్నా ఢిల్లీ నించి వచ్చింది," అన్నాడు. "ఇది ఏ సంస్థ గుర్తని అడుగుతున్నారు."

"సంస్థా?" మాబూబీ అరుగు మీద నించి లేచింది. "సంస్థేంటయ్యా నీ బొంద! అది నా చెయ్యి!"

"అత్తా..."

"ఆగవే! నా చేతికి సున్నా చుడతారా? చూడు నాయనా, ఇదిగో. ఇట్లా పైకద్దితే ఇంట్లో ఉండేది. ఇట్లా కిందికద్దితే ఒకరికి ఇచ్చేది. నలభయ్యేళ్ళ నించి అద్దుతున్నాను. ఊళ్ళో ఎవర్నన్నా అడుగు!"

గాలిలో ఆమె అరచెయ్యి ఒకసారి పైకీ ఒకసారి కిందికీ తిరిగింది. సిద్దికా కళ్ళు మూసుకుంది.

ఎస్సై ఆ చేతినే చూశాడు. తరవాత మెల్లిగా జేబులోంచి పెన్ను తీశాడు.

"అట్లాగా అమ్మా. ఇది నాకెవరూ చెప్పలేదు." సిద్దికా వైపు తిరిగాడు. "చూడండి, దాపరికం లేకుండా చెప్తున్నాను. గోతం ఇంట్లోంచే వెళ్ళిందంటే మీ ఆయన సంగతి ఇక నా చేతుల్లో ఉండదు. ఢిల్లీ వాళ్ళొచ్చి తీసుకుపోతారు. బయటివాళ్ళకి ఇచ్చింది అయితే పొద్దుగూకేసరికి నేనే తెచ్చి దింపుతాను. ఇది పైకా, కిందికా?"

కాగితం ఆమె చేతికిచ్చాడు.

గోతం మడతలు పడి, మట్టి కొట్టుకుని ఉంది. చెయ్యి అడ్డంగా పడింది. ఏది మూతో ఏది అడుగో కొత్తవాళ్ళకి తెలియదు. సిద్దికాకి తెలుసు. అడుగున మిషను కుట్టు సన్నగా, గీత గీసినట్టుంటుంది. మూతికి దబ్బనంతో వేసే పురికొస కుట్టు పెద్దపెద్దగా, వంకరగా ఉంటుంది.

వేళ్ళ కొసల వైపు, విప్పగా మిగిలిన పురికొస ఉంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య జానెడు ఎడం. అత్త అంత ఎడంగా ఎప్పుడూ కుట్టదు. తొందరలో ఉన్నప్పుడు సిద్దికానే అలా కుడుతుంది.

వేళ్ళు పైకున్నాయి.

ఆమె తలెత్తి పాక వైపు చూడలేదు. చూస్తే మొహంలో తెలిసిపోతుంది. గుండీలు పెట్టుకోని చొక్కా ఒకటి కళ్ళ ముందు ఆడింది.

"కిందికండీ," అంది.

కాగితాన్ని అటు నించి ఇటు తిప్పి, వేళ్ళు కిందికి ఉండేలా ఎస్సై చేతిలో పెట్టింది.

మాబూబీ చెయ్యి గాలిలోనే ఉంది. దాన్ని మెల్లిగా దించి, అరుగు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ఏమీ అనకుండా ఉండడం సిద్దికా ఈ ఇంటికొచ్చిన పదహారేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

"ఎవరికిచ్చారు?"

"కూలీలకి. కోతలయ్యాక అందరికీ ఇస్తాం. పోయినేడు పదకొండు మందికిచ్చాం."

"వాళ్ళెక్కడ?"

సిద్దికా చెయ్యెత్తి చూపించాల్సిన పని లేకపోయింది. పాక నీడలోంచి బుధ్రి అప్పటికే ఇటే చూస్తోంది.

కానిస్టేబులు పిలిచాడు. బుధ్రి వచ్చింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. చేతులకి కారం మంట తెలియకుండా రాసుకున్న నూనె మెరుస్తోంది. ఎస్సై కాగితం చూపించి, గోతం ఏదని అడిగాడు. ఆమె కాగితం చూసింది. మాబూబీని చూసింది. సిద్దికాని చూసింది. ఆ చూపు సిద్దికా మీద కాస్త ఎక్కువసేపే నిలిచింది.

"సంచి మేం తీయలే అమ్మా," అంది బుధ్రి. "దొంగ కాదు. ఆగు."

దొంగతనం అంటగట్టారనుకుంది పాపం. గబగబా పాకలోకి వెళ్ళి తన భాషలో ఏదో కేక పెట్టింది. లోపల కదలిక. చాపల చప్పుడు.

ముందు బుధ్రి తన గోతం తెచ్చి వాకిట్లో పరిచింది. ఉతికి ఉతికి రంగు వెలిసింది కానీ చెయ్యి కనబడుతోంది. వేళ్ళు కిందికి. దాని పక్కన ఇంకొకడు తెచ్చి పరిచాడు. ఇంకొకామె. పక్కబట్టలుగా వాడుకుంటున్న గోతాలు, ఒంటి వెచ్చదనం ఇంకా ఆరనివి, ఒక్కొక్కటే వరసగా నేల మీదికొచ్చాయి. అన్నిట్లోనూ వేళ్ళు కిందికే. ఎవరో నేలకి ఏదో ఇస్తున్నట్టు.

"పదకొండు," అంది బుధ్రి. "ముసలమ్మ ఇచ్చింది, మేం తెచ్చాం. ఉట్టిగా తేలేదు. చింతపండు తెచ్చాం."

సిద్దికాకి వంటింట్లో చింతపండు డబ్బా గుర్తొచ్చింది.

జనవరి నించి ఈ ఇంట్లో పెడుతున్న పులుసు. డబ్బా నిండుగా ఉంటే అత్త సత్తెనపల్లిలో కొన్నదే అనుకుంది. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో తనకి తెలియనిది లేదనుకునే మనిషి తను. ఎక్కడిదని ఒక్కనాడు అడగలేదు.

అత్తకి తెలుసు. పదకొండూ తిరిగొచ్చాయని తెలుసు. "కిందికి" అన్న మాట తన నోట్లోంచి వచ్చిన క్షణంలోనే అది అబద్ధమని అత్తకి తెలుసు.

ఎస్సై వంగి గోతాలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. కాగితం వాటి పక్కన పెట్టి చూశాడు. లేచి నడుం సరిచేసుకున్నాడు.

"సిద్దికా గారూ." ఇందాకటి దాకా 'అమ్మా' అన్నాడు. "పోయినేడు కిందికద్ది ఇచ్చినవి పదకొండు. పదకొండూ ఇక్కడే ఉన్నాయి. మరి నా కాగితంలోది ఎవరికిచ్చిందండీ?"

పెరట్లో ఎవరో తుమ్మారు.

సిద్దికా నోరు తెరిచింది.

"పన్నెండోది నేనిచ్చాను," అంది మాబూబీ.

అందరూ అటు తిరిగారు. ఆవిడ అరుగు మీద కాళ్ళు బారజాపుకుని, మోకాలు ఒత్తుకుంటూ కూర్చుంది.

"ఎవరికిచ్చారు?"

"ఆకలన్న మనిషికిచ్చాను. ఇది నాకు కొత్త కాదు, మీ రికార్డుల్లో చూసుకో. ఆరుగురికి అన్నం పెట్టిన మాబూబీ అని ఉంటుంది."

"పేరు చెప్పండమ్మా."

"చెప్తాను. నా పెద్దకొడుకుని తెచ్చి ఈ అరుగు మీద కూర్చోబెట్టు. బయటికిచ్చింది అయితే పొద్దుగూకేసరికి దింపుతానన్నావుగా? నేనిచ్చానంటున్నాను. దింపు. వాడు మొహం కడుక్కుని అన్నం తిన్నాక చెప్తాను."

"ఇది పెద్ద కేసమ్మా. ఈ వయసులో మీకెందుకు..."

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు నాయనా? నడుం విరగ్గొట్టినా ఇంక ఎన్నాళ్ళు వంగి నడుస్తాను?"

ఎస్సై నమ్మాడో లేదో మొహంలో తెలియలేదు. కానిస్టేబులుని గోతాల దగ్గర ఉండమని చెప్పి, ఫోను తీసుకుని, బూట్లు కూడా వేసుకోకుండా గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళాడు. ఎవరితోనో "సార్, సార్" అంటున్నాడు.

బుధ్రి వాకిట్లోనే గొంతుకూర్చుంది. తన గోతం అంచు వేళ్ళతో సరిచేస్తోంది. సిద్దికా వైపు ఇక చూడలేదు.

సిద్దికా అత్త పక్కన కూర్చుంది. ఏడుపు రాలేదు. మాబూబీ చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. గోతాల మీద నలభయ్యేళ్ళు అద్దిన చెయ్యి. పట్టు ఇనుప గొలుసులా ఉంది.

"నాకు కళ్ళు లేవు," అంది మాబూబీ, పెదాలు కదిలీ కదలకుండా. "చదువుకున్నదానివని నీ కళ్ళు అరువు తెచ్చుకున్నాను. లేని మనిషికి లేని గోతం ఇచ్చానని చెప్పాను. ఇప్పుడన్నా నిజం చెప్పు. ఆ కాగితంలో వేళ్ళు ఎటున్నాయే?"

సిద్దికా గేటు వైపు చూసింది.

"పైకి," అన్నాడు పీరు.

ఎప్పుడొచ్చాడో, వెనకే నిలబడి ఉన్నాడు.

ఫోనులో బొమ్మ చూపించిన రోజు పీరు ఇంట్లోనే లేడు. ఇవాళ కాగితం అతని చేతికి వెళ్ళనే లేదు.